మీ బతుకు, మీ గొంతు: జరిగింది రాసేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం సాయంత్రం మేం పది పన్నెండుమందిమి వీడియో కాల్‌లో కలిసి ఒకరి రాతలు ఒకరం చదువుకుంటున్నాం. రిటైరైన టీచర్లున్నారు, బ్యాంకులో పనిచేసేవాళ్ళున్నారు, డల్లాస్‌లో పొద్దున్నే కాఫీ కప్పుతో వచ్చి కూర్చునేవాళ్ళూ ఉన్నారు. కథలూ కవితలూ వేరేవాళ్ళు రాస్తారు, మేం జరిగినవే రాస్తాం: చిన్నప్పటి ఇల్లు, చేసిన ఉద్యోగం, తిరిగిన ఊళ్ళు, పోగొట్టుకున్న మనుషులు. దీన్ని ఇప్పుడు క్రియేటివ్ నాన్‌ఫిక్షన్ అంటున్నారు. మనం ఆత్మకథ, జ్ఞాపకాలు, యాత్రా రచన, వ్యాసం అని విడివిడిగా పిలుచుకున్నవన్నీ అందులోకే వస్తాయి. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు, ముఖ్యంగా "రాసింది చదువుకుంటే నాలా లేదు" అన్న బాధ అందరిదీ. అందుకని అన్నీ ఒకచోట పెడుతున్నా. దేని జవాబు దానికే ఉంది, మీకు ఏది కావాలంటే అక్కడికి వెళ్ళండి.

## మొదలుపెట్టే ముందు

సొంత గొంతు అంటే ఏంటండీ? శైలి అన్నా అదేనా?

శైలి కంటికి కనిపిస్తుంది: వాక్యాలు పొడుగా పొట్టా, ఎలాంటి మాటలు, పోలికలున్నాయా లేవా. గొంతు అంటే ఆ వాక్యాల వెనకున్న మనిషి. ఏం చూశాడు, ఏం వదిలేశాడు, ఎవరి పక్కన నిలబడి మాట్లాడుతున్నాడు అన్నది. మాది అనంతపురం వైపు, బోర్లు ఎండిపోవడం అక్కడ ఇంటింటి సంగతి. దాని గురించి భూగర్భ జలాల ఆఫీసులో పనిచేసినాయన రాస్తే ఏ ఏడు ఎన్ని అడుగులకి నీళ్ళు దిగిపోయాయో రాస్తారు. పట్నం నుంచి వచ్చిన చుట్టం బీటలిచ్చిన చేను గురించి రాస్తుంది. ఆ ఇంటి కొడుకు రాస్తే, ఆరొందల అడుగుల దగ్గర కూడా దుమ్మే లేస్తుంటే నాన్న రిగ్గు బండివాళ్ళతో "ఇంకో యాభై దించండి" అన్నాడనీ, ఆ మాట వినగానే అమ్మ చెవి కమ్మలు తడుముకుందనీ రాస్తాడు. ముగ్గురూ ఒకే రకం తెలుగు రాసినా గొంతులు మాత్రం మూడు. కాబట్టి మాటల కోసం వెతికేముందు, ఆ చోట మీరు తప్ప ఇంకెవరూ చూసి ఉండనిది ఏంటో గుర్తు తెచ్చుకోండి. మీ అమ్మ కమ్మలు మీరే చూశారు కదా.

నా జీవితంలో చెప్పుకోదగ్గ సంఘటనలేం లేవు. ఏం రాయను?

హాస్టల్లో ఆదివారం కూర ఎలా పంచేవాళ్ళో రాయండి. అమ్మ చీటీపాట లెక్కలు ఏ నోట్‌బుక్‌లో రాసేది, నాన్నకి తెలియకుండా దాన్ని ఎక్కడ పెట్టేది? మీ మొదటి జీతంలో ఇంటికి ఎంత పంపారు, మిగిలినదాంతో ఎన్ని రోజులు నెట్టుకొచ్చారు? పెద్ద సంఘటన ఉన్నవాళ్ళు ఆ సంఘటన బరువు మీద ఆధారపడి పైపైన రాసేస్తారు, నేను చాలాసార్లు చూశాను. చిన్న విషయం రాసేవాళ్ళకి ఆ వీలుండదు, అందుకే వాళ్ళ గొంతు తొందరగా బయటపడుతుంది.

అరవై దాటాయి. ఇప్పుడు మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టేనా?

కొండపల్లి కోటేశ్వరమ్మ గారు 1918లో పుట్టారు. ఆమె ఆత్మకథ 'నిర్జన వారధి' పుస్తకంగా వచ్చింది 2012లో, అంటే తొంభై దాటాక. మీరు ఈ వారమే మొదలుపెట్టండి.

ఇంగ్లీష్ మీడియంలో చదివాను, తెలుగులో రాస్తే అనువాదంలా వస్తోంది. ఏం చేయాలి?

మాట్లాడేటప్పుడు మీ తెలుగు అనువాదంలా ఉండదు కదా, ముందు అది నమ్మండి. ఇబ్బంది కాగితం ముందు కూర్చున్నప్పుడే వస్తుంది, ఎందుకంటే 'రాయడం' అనే పని మనకి స్కూల్లో ఇంగ్లీషులో అలవాటైంది. మా గుంపులో ఒకమ్మాయి వాళ్ళ అమ్మమ్మ గురించి ఇలా మొదలుపెట్టింది: "నా అమ్మమ్మ ఒక బలమైన వ్యక్తిత్వాన్ని కలిగి ఉన్న స్త్రీ." అదే రోజు ఫోన్లో నాతో అన్న మాట: "మా అమ్మమ్మ ఎదురుగా నిలబడి కాదనడానికి మా తాతయ్యకే ధైర్యం చాలేది కాదక్కా." రెండో వాక్యం అప్పటికే తయారుగా ఉంది, రాయడమే మిగిలింది.

అందుకని మొదటి ప్రతి రాయకండి, చెప్పండి. ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి మీ చెల్లెలికి వాయిస్ మెసేజ్ పెడుతున్నట్టు చెప్పేయండి, తర్వాత విని కాగితం మీద పెట్టుకోండి. తిరగరాసేటప్పుడు కొన్ని గుర్తులు చూసుకోండి. 'కలిగి ఉంది' అన్న చోట తెలుగులో మామూలుగా 'కి ఉంది' వస్తుంది: మా నాన్నకి కోపం ఎక్కువ, అంతే. 'చేయబడింది', 'చెప్పబడింది' కనిపిస్తే ఎవరు చేశారో, ఎవరు చెప్పారో రాయండి. 'నా అమ్మ' అని మనం అనం, ఒక్కగానొక్క బిడ్డయినా 'మా అమ్మ' అంటుంది. ఇక 'నేను' సగానికి సగం కొట్టేయొచ్చు, 'వచ్చాను' అన్నప్పుడే వచ్చింది ఎవరో తెలిసిపోతుంది. ఇవి నాలుగూ సరిచేస్తే రాసిన పేజీ సగం మీదైపోతుంది.

ఎవరు చదువుతారని ఊహించుకుని రాయాలి?

ఒక్క మనిషిని ఊహించుకోండి, పేరున్న మనిషిని. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారిలో చూసినవి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకి తెలియజేస్తూ వచ్చారు. వీరాస్వామయ్య పోయాక, 1838లో ఆ స్నేహితుడే ఆ రాతల్ని 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చువేయించారు. పండితులు గ్రాంథికం రాసే రోజుల్లో అంత తేటగా, మజిలీ మజిలీకీ అక్కడ ఏం దొరుకుతుందో, దారి ఎలా ఉందో చెప్పుకుంటూ పోగలిగారంటే, అవతల వినేవాడు ఫలానా అని తెలిసి ఉండటం పెద్ద కారణమని నా నమ్మకం. 'పాఠకులు' అని ఒక గుంపుని ఊహించుకున్న మరుక్షణం మనం మైకు ముందు నిలబడ్డట్టు మాట్లాడతాం. మీ మాట నమ్మే మనిషి ఒకరు, అప్పుడప్పుడు "అట్లా కాదులే" అని అడ్డుపడే మనిషి అయితే ఇంకా మంచిది.

## రాస్తున్నప్పుడు

మా యాసలో రాయాలా, అందరికీ అర్థమయ్యే భాషలో రాయాలా?

గిడుగు రామమూర్తి పుట్టినరోజు ఆగస్టు 29, కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9. రెండూ భాషా దినోత్సవాలే, మధ్యలో పదకొండు రోజులు. మొదటాయన గ్రాంథికం మీద పోరాడి జనం మాట్లాడే భాషని పుస్తకంలోకి తెచ్చారు. ఆ జనం మాట కాస్తా రెండు మూడు జిల్లాల చదువుకున్నవాళ్ళ మాటగా స్థిరపడిపోతే, మా పలుకుబడి ఏమైందని రెండో ఆయన అడిగారు. మీ ప్రశ్న ఈ ఇద్దరి మధ్యలో ఉంది, మిమ్మల్ని ఒక్కరినే పట్టుకున్న గందరగోళం కాదిది.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఇంట్లో మీరు ఏ తెలుగు మాట్లాడతారో అదే కథనానికి మొదటి హక్కుదారు. చాలామంది చేసేది ఏంటంటే, కథనం మొత్తం పత్రిక భాషలో రాసి, సంభాషణల్లో మాత్రం అవ్వకీ పాలేరుకీ యాస పెడతారు. అప్పుడు చదువుకున్న రాసేవాడు ఒకవైపు, యాస మాట్లాడే 'పాత్రలు' ఒకవైపు అయిపోతారు, మన సొంత మనుషుల్నే బొమ్మల కొలువులో పెట్టి చూపించినట్టు ఉంటుంది. నాకది ఇష్టం ఉండదు. ఉద్యోగం కోసం ఊరు వదిలి ఇరవై ఏళ్ళు హైదరాబాదులో ఉన్నవాళ్ళ తెలుగు కలిసిపోయి ఉంటుంది, 'వచ్చినాడు' అన్న నోటితోనే 'వచ్చాడు' అంటారు. ఆ కలగలుపే మీ గొంతైతే అదే రాయండి, సొంతూరి యాసని గుర్తుచేసుకుని మరీ తెచ్చిపెట్టుకోనక్కర్లేదు.

అర్థం కాదేమో అన్న భయం ఎక్కువ పెట్టుకోకండి. "పొద్దుగూకినాక అరుగు మీద కూర్చుని చెనక్కాయలు ఒలుస్తా అవ్వ చెప్పింది" అని రాస్తే, వాటిని పల్లికాయలు అనేవాళ్ళకీ వేరుశెనక్కాయలు అనేవాళ్ళకీ అర్థమవుతుంది.

యాస మాటలకి స్పెల్లింగ్ ఎలా? ఒక్కోచోట ఒక్కోలా రాసేస్తున్నా.

పలికినంతా పట్టుకోవాలని చూడకండి, ప్రతి ఒత్తూ ప్రతి దీర్ఘమూ రాస్తే చదివేవాళ్ళు కూడబలుక్కోవాలి. క్రియల చివరలు మాత్రం మీవి ఉంచుకోండి: చేసిండు, చేసినాడు, చేశాడు. యాస అక్కడే ఎక్కువ వినిపిస్తుంది. ఒక కాగితం మీద మీరు ఎంచుకున్న రూపాలు రాసి పక్కన పెట్టుకోండి, మొదటి పేజీలో 'పోయినం' అంటే చివరి పేజీలోనూ 'పోయినం' ఉండాలి.

'మేము', 'మనం' రెండూ కలిపి రాసేస్తున్నా. పెద్ద తేడా ఉందా?

చాలా ఉంది. 'మేము' అంటే చదివేవాళ్ళు బయట నిలబడి మీ మాట వింటున్నారు. 'మనం' అంటే వాళ్ళ చెయ్యి పట్టుకుని లోపలికి లాగారు. "చిన్నప్పుడు మనందరం ఊరి బావి దగ్గర స్నానాలు చేసినవాళ్ళమే కదా" అని ఒకాయన రాశారు. ఆ బావి దగ్గరికి రానివ్వని వాడ నుంచి వచ్చిన మనిషి ఆ రోజు మా కాల్‌లోనే ఉన్నారు. ఆయన ఏమీ అనలేదు, కాసేపు కెమెరా ఆపేసుకున్నారు. రాసినాయనకి తర్వాత తెలిసి చాలా బాధపడి 'మేము' అని మార్చారు. ఆ ఒక్క మార్పుతో, 'మేము' అంటే ఎవరు, ఎవరు కాదు అన్న ప్రశ్న పుట్టి ఇంకో రెండు పేజీలు వచ్చాయి, ఆయన రాసినవాటిలో ఇప్పటికీ నాకు అన్నిటికన్నా నచ్చినవి ఆ రెండు పేజీలే. మీ ఊరి సంగతి, మీ కులం ఇళ్ళ సంగతి, మీ తరం సంగతి చెప్పేటప్పుడు 'మేము' వాడండి. చదివే ఎవరైనా తలూపుతారని గట్టిగా తెలిసినప్పుడే 'మనం'.

నాన్న 'వచ్చాడు' అనాలా 'వచ్చారు' అనాలా? అమ్మ 'వచ్చింది' అంటే అమర్యాదా?

ఇంట్లో ఎలా అంటారో అలాగే. నాన్నని 'మీరు' అని పిలిచిన ఇల్లయితే 'వచ్చారు', 'నువ్వు' అన్న ఇల్లయితే 'వచ్చాడు'. చాలా ఇళ్ళల్లో అమ్మ 'వచ్చింది'. అందులో అమర్యాదేమీ లేదు, అది చనువు. నలుగురూ చదువుతారు కదా అని అమ్మని 'వచ్చారు' అని రాస్తే ఆమె వేరే ఎవరో అయిపోతుంది.

అసలు కష్టం వేరే చోట ఉంది. తెలుగులో ఒక మనిషి గురించి ఒక్క క్రియ రాయాలన్నా ఆ మనిషి స్థాయి ఏంటో మనం తేల్చి చెప్పాల్సి వస్తుంది, తప్పించుకోలేం. మా దగ్గరికి వచ్చే రాతల్లో హెడ్‌మాస్టరు గారు 'వచ్చేవారు', మామయ్య 'వచ్చేవారు', ముప్ఫై ఏళ్ళు ఆ ఇంట్లో అంట్లు తోమిన ఆమె 'వచ్చేది', తాత కన్నా పెద్దవాడైన పాలేరు 'వచ్చేవాడు'. రాసినవాళ్ళు మంచివాళ్ళే, కావాలని రాసింది కాదు, చెయ్యి అలవాటుగా వెళ్ళిపోయింది. కులమూ డబ్బూ మన వాక్యాల చివర ఇలా కూర్చుని ఉంటాయి.

నేను పాటించేది ఇది. సంభాషణలో అప్పుడు ఏం అన్నామో అదే ఉంచుతాను. ఎనిమిదేళ్ళ పిల్లగా నేను అరవై ఏళ్ళ మనిషిని 'ఏమిరా' అని పిలిచి ఉంటే అది అలాగే పేజీ మీదికి రావాలి, దాచిపెడితే అబద్ధం. కథనంలో మాట్లాడేది మాత్రం ఈరోజు నేను, కాబట్టి అక్కడ ఆయన 'వచ్చేవారు'. పిల్ల నోటి 'ఏమిరా'కీ పెద్దయినదాని 'వచ్చేవారు'కీ మధ్య దూరం చదివేవాళ్ళకి వినిపిస్తుంది, వివరించి ఒక పేరా రాయనక్కర్లేదు. పేరు గుర్తులేకపోతే, ఆ పేరు ఎప్పుడూ తెలుసుకోలేదని రాయండి.

ఇష్టమైన రచయితలా వచ్చేస్తోంది. మానుకోవడమెలా?

మొదట్లో అందరికీ అంతే, సిగ్గుపడకండి. ఇష్టంగా చదివినవాళ్ళ వరస మన చేతికి అంటుకుంటుంది. ఆపాలని పట్టుబడితే ఇంకా ఎక్కువవుతుంది. ఇంకా చదవండి, కానీ ఒకరినే కాదు, ఒకరితో ఒకరికి పొసగని నలుగురిని చదవండి. రాసే రోజుల్లో మాత్రం వాళ్ళ పుస్తకం పొద్దున్నే తెరవకండి. ఆ రచయిత ఎప్పుడూ చూడని చోటు గురించి, మీ ఆఫీసు క్యాంటీనో మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గదో, రాయండి. అక్కడ వాళ్ళ మాటలు సరిపోవు, మీవి తెచ్చుకోక తప్పదు.

బాధాకరమైనవి రాస్తుంటే వాక్యాలు సినిమా డైలాగుల్లా వస్తున్నాయి.

మా అవ్వ పోయిన రాత్రి గురించి మొదటిసారి రాసినప్పుడు 'గుండె పగిలింది', 'లోకం చీకటైంది' అన్నీ వచ్చాయి. అబద్ధం కాదు, నిజంగా అలాగే ఉంది. కానీ ఆ మాటలు అందరివీ. మళ్ళీ కూర్చుని ఆ రాత్రి ఏం చేశానో మాత్రమే రాసుకున్నా: ఆస్పత్రి వరండాలో ఫోను ఛార్జింగ్ పెట్టడానికి ప్లగ్గు కోసం వెతికాను, నాలుగు శాతం ఉంది, చిన్నాన్నకి చెప్పాలి. ప్లగ్గు దొరికేదాకా ఏడుపు రాలేదు. అంతే రాశాను. బాధ పేరు చెప్పకుండా చేతులు ఏం చేశాయో రాయండి. ఒకవేళ మీ ఇంట్లో మనుషులు గట్టిగా, రాగం తీసి ఏడ్చేవాళ్ళయితే అదీ రాయండి, ఏమేం చెప్పుకుని ఏడ్చారో ఆ మాటలతో సహా. మరీ భారంగా ఉంటే ఆపేయండి, ఈ నెల రాయకపోతే వచ్చే ఏడు రాస్తారు.

మా వృత్తి మాటలు వాడితే బయటివాళ్ళకి ఎక్కుతాయా?

మగ్గం ఉన్న ఇంట్లో పడుగు, పేక, నాడె అంటూ పెరిగిన మనిషి 'నిలువు దారాలు, అడ్డ దారాలు' అని రాస్తే చేత్తో పని చేసిన జాడ పోతుంది. మాట వాడండి, పక్కనే పని చూపించండి: "అమ్మ ఆసు పోసేది. ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు అటూ ఇటూ పోవాలి, రాత్రి అన్నం కలుపుకోవడానికి ఆ చెయ్యి లేచేది కాదు." ఇక ఆసు అంటే ఏంటని ఎవరూ అడగరు. మాట మర్చిపోయుంటే ఇంటి పెద్దల్ని అడగండి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశాలు కూడా ఉన్నాయి, వ్యవసాయ పదాలది 1962లోనే వచ్చింది, చేనేతకీ ఒక సంపుటం ఉంది. ఒకే పనిముట్టుకి ఏ జిల్లాలో ఏమంటారో చూస్తుంటే పొద్దు తెలియదు.

## నిజం దగ్గర, మనుషుల దగ్గర

ముప్ఫై ఏళ్ళ కిందటి మాటలు గుర్తుండవు కదా. డైలాగులు రాయొచ్చా?

మాట సరిగ్గా గుర్తుంటే కొటేషన్లలో పెట్టండి. భావమే గుర్తుంటే "రావద్దన్నట్టు గుర్తు" అని రాయండి. ఇంకొకరు చెప్పింది అయితే తెలుగు మనకి ఒక వరం ఇచ్చింది: 'అట'. "తాత రంగూన్ నుంచి నడిచి వచ్చాడట" అన్నప్పుడు, నేను చూడలేదు, ఇంట్లో చెప్పుకుంటారు అన్నది ఒక్క చిన్న ముక్కలో వచ్చేసింది. జరిగింది రాసేవాళ్ళకి ఇంతకన్నా నిజాయితీ గల పనిముట్టు దొరకదు. కొంతమంది 'అట' రాస్తే బలం తగ్గుతుందని తీసేస్తారు, నాకు అది చదివితే మనసు చివుక్కుమంటుంది.

విన్నదాన్ని కుదిరినంత వరకు సరిచూసుకోండి కూడా. రంగూన్ జపాన్ సైన్యం చేతిలోకి వెళ్ళింది 1942 మార్చిలో, అక్కడున్న మనవాళ్ళు లక్షలమందితో కలిసి అడవుల గుండా నడిచింది ఆ రోజుల్లోనే. ఇంట్లో "నాన్న పుట్టిన ఏడు" అని చెప్పుకుంటుంటే, నాన్న పుట్టింది 1945 అయితే, ఆ తేడాని దాచకండి. రెండూ రాయండి. ఏడు తప్పు గుర్తుపెట్టుకోవడానికి ఇంట్లో ఒక కారణం ఉండే ఉంటుంది.

కాస్త కల్పిస్తే తప్పా? చదవడానికి బాగుంటుంది కదా.

నేను కల్పించను, కల్పించమని చెప్పను. వర్షం పడని రోజు వర్షం పెట్టడం, ఇద్దరు అత్తయ్యల్ని ఒకరిగా కలిపేయడం, ఇవన్నీ కథలో చేయొచ్చు. 'జరిగింది' అని రాసేటప్పుడు చదివేవాళ్ళు మనల్ని నమ్మి కూర్చున్నారు. ఒకరిని కాపాడటానికి పేరో ఊరో మార్చాల్సి వస్తే మార్చి, మార్చానని మొదట్లోనే ఒక వాక్యం రాయండి. ఊహించాల్సి వస్తే ఊహిస్తున్నానని చెప్పే ఊహించండి: "ఆ రాత్రి అమ్మ నిద్రపోయి ఉండదు" అన్న వాక్యంలో ఏ మోసమూ లేదు.

ఇంట్లోవాళ్ళు బాధపడతారేమో, చుట్టాలు మాట్లాడటం మానేస్తారేమో. రాయొచ్చా?

రాయడం వేరు, బయటపెట్టడం వేరు. మొదటి ప్రతిలో ఎవరికీ భయపడకండి, అది మీ బీరువాలోదే. బయటపెట్టేముందు ప్రతి మనిషి దగ్గరా ఆగి, ఈ సంగతి నాదా, వాళ్ళదా అని మిమ్మల్ని మీరే అడగండి. అక్క పెళ్ళి చెడిపోవడం అక్క సంగతి, ఆ ఏడు ఇంట్లో ఎవరూ నవ్వకపోవడం మీ సంగతి. రెండోది రాయడానికి మీకు పూర్తి హక్కుంది, మొదటిది అక్కని అడిగి రాయాలి.

అవకాశం ఉంటే రాసింది వాళ్ళకి చదివి వినిపించండి, కాగితం చేతికివ్వడం కన్నా అది మంచిది. మా అమ్మకి వినిపించినప్పుడు నేను భయపడిన పేరా దగ్గర ఆమె ఏమీ అనలేదు. ఆ రోజు చేసింది పులుసు కాదు, ఊరిబిండి అని మాత్రం సరిదిద్దింది. మిమ్మల్ని కొట్టినవాళ్ళ గురించి, హింసించినవాళ్ళ గురించి రాస్తుంటే మాత్రం వాళ్ళ అనుమతి మీకు అక్కర్లేదు.

పరువు నష్టం కేసు వేస్తారా? చనిపోయినవాళ్ళ గురించి రాస్తే ఇబ్బంది లేదు కదా?

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 356 పరువు నష్టం గురించి చెబుతుంది. రెండేళ్ళ వరకు సాధారణ జైలు శిక్ష, జరిమానా, లేదా సమాజ సేవ పడొచ్చు. చాలామందికి తెలియనివి రెండున్నాయి. 'నిజమే రాశాను' అన్నది ఒక్కటే సరిపోదు, అది ప్రజల మేలు కోసం చెప్పిందని కూడా చూపాలి. చనిపోయినవాళ్ళ గురించి రాసినా, బతికుంటే వాళ్ళ పరువు పోయేలా ఉండి, వాళ్ళ కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో రాసిందైతే అదీ ఈ సెక్షన్ కిందికి వస్తుంది. ఇంకొకటి, లైంగిక దాడికి గురైన వేరేవాళ్ళ పేరూ గుర్తులూ బయటపెట్టడం నేరం. ఒక మనిషి మీద నేరుగా ఆరోపణ ఉన్న రచన అయితే అచ్చుకి ఇచ్చేముందు లాయరుకి చూపించండి, ఆ ఖర్చు దండగ కాదు.

నాన్న రాసిన ఉత్తరాలు, చుట్టాల వాట్సాప్ మెసేజ్‌లు ఉన్నవి ఉన్నట్టు వేయొచ్చా?

మీ చేతికొచ్చిన కాగితం మీది, అందులోని మాటల మీద కాపీరైట్ రాసినవాళ్ళది. వాళ్ళ తర్వాత అది వారసులకి వెళ్తుంది. నాన్న ఉత్తరాలైతే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ అందరికీ చెప్పి, ఒప్పుకున్నట్టు రాతలో తీసుకోండి. వాట్సాప్ కూడా అంతే, పంపినవాళ్ళని అడగాలి. ఒక చిన్న ముక్క యథాతథంగా పెట్టి మిగతాది మీ మాటల్లో చెప్తే రచనకి కూడా మంచిది, నాలుగు పేజీల ఉత్తరం మధ్యలో వస్తే మీ గొంతు ఆగిపోతుంది.

## తిరగరాసేటప్పుడు

వాక్యాలన్నీ 'ఆడు, ఇంది, ఆరు' అనే ముగుస్తున్నాయి. విసుగ్గా ఉంది.

తెలుగులో క్రియ చివరికి వస్తుంది కాబట్టి గతం చెప్పే ప్రతి రచనకీ ఈ బాధ ఉంది. మాట్లాడేటప్పుడు మనం దీన్ని ఎలా దాటుతామో చూడండి. కొన్ని వాక్యాలకి క్రియే ఉండదు: "మాది పెంకుటిల్లు. రెండు గదులు, ఒక వసారా." కొన్నిచోట్ల క్రియని ముందుకి తెస్తాం: "వెళ్ళిపోయింది అమ్మ, ఎవరికీ చెప్పకుండా." 'కదా', 'మరి', 'లే', 'గానీ' వాక్యం చివర్లోకి వచ్చి చేరతాయి, వీటిని చెత్త అనుకుని ఏరేయకండి, మీ మాట తీరు వాటిలోనే ఎక్కువ ఉంటుంది. ఇంకొకటి నాకు చాలా ఇష్టం: "లేచి, పొయ్యి రాజేసి, నీళ్ళు కాచి, మమ్మల్ని లేపి, తలలు దువ్వి, డబ్బాలు కట్టి, అప్పుడు కూర్చునేది." వాక్యాన్ని ముగించే క్రియ ఒక్కటే, అదీ చివర్న. ఆమెకి ఊపిరాడనట్టే వాక్యానికీ ఆడదు. ఇలాంటిది పేజీకి ఒకటి చాలు.

ఇది నా గొంతేనని ఎలా తెలుస్తుంది?

పైకి చదవండి. నాలుక తడబడిన చోట, ఇంట్లో ఎప్పుడూ అనని మాట పలికిన చోట గీత పెట్టుకోండి. తర్వాత మొదటి పేరా తీసేసి చూడండి, పదిలో ఎనిమిదిసార్లు అది మనం గొంతు సవరించుకోవడం మాత్రమే, రెండో పేరా దగ్గర నిజంగా మొదలవుతుంది. చివరగా, మిమ్మల్ని బాగా తెలిసినవాళ్ళకి పేరు లేకుండా పంపండి. "ఇది నువ్వే కదా" అంటే చాలు. "భలే రాశారే, ఎవరిది?" అంటే ఇంకా పని ఉంది.

చాట్‌బాట్‌తో సరిచేయించుకుంటే తప్పా?

అచ్చుతప్పులు చూపించుకోండి, ఫరవాలేదు. పేరాలు తిరగరాయించకండి. చెనక్కాయలు వేరుశనగలు అయిపోతాయి, 'అవ్వ' 'అమ్మమ్మ' అయిపోతుంది, మీరు కావాలని సగంలో ఆపిన వాక్యం పూర్తయిపోతుంది. ఒకవేళ వాడినా పాత ఫైలు చెరపకుండా విడిగా దాచుకోండి.

## బయటపెట్టేటప్పుడు

పత్రికవాళ్ళు నా మాటలు మార్చేశారు. గొడవపడాలా?

నా మొదటి వ్యాసాల్లో ఒకదాంట్లో 'బువ్వ' అన్న చోటల్లా 'అన్నం' అని మార్చి వేశారు. కోస్తా వైపు బువ్వ చిన్నపిల్లల మాట, మా వైపు పెద్దవాళ్ళు కూడా తినేది బువ్వే. మార్చినవాళ్ళకి ఆ సంగతి తెలియదు, నేనూ ముందు చెప్పలేదు. చాలా రోజులు మనసులో పెట్టుకుని బాధపడ్డా. ఇప్పుడు రచన పంపేటప్పుడే ఒక చిన్న ఉత్తరం జతచేస్తా: ఈ పది మాటలు మా ప్రాంతంవి, దయచేసి ఉంచండి, మిగతాది మీరు సరిచేయండి. ఆ తర్వాత ఎవరూ మార్చలేదు. నిజానికి మంచి ఎడిటర్ కోత పెట్టమన్న చోట కోస్తే రచన బాగుపడుతుంది, ప్రతి మార్పునీ దాడి అనుకోవద్దు.

ఫేస్‌బుక్‌లో ఒక రకం పోస్టుకే లైకులొస్తున్నాయి, నేనూ అలాగే రాసేస్తున్నా. ఎలా ఆపాలి?

వెంటనే పెట్టడం మానేయండి. రాశాక పది రోజులు ఆగండి. ఏ వాక్యం దగ్గర "దీనికి కామెంట్లొస్తాయి" అనిపించిందో ఆ వాక్యం తీసి మళ్ళీ చదవండి. చాలాసార్లు అది చివరి వాక్యమే అయి ఉంటుంది. నెలకొకటి ఎవరికీ చూపించనిది కూడా రాసుకోండి.

పదేళ్ళ కిందట రాసింది చదివితే ఎవరో రాసినట్టుంది. ఏది నా అసలు గొంతు?

రెండూ మీవే. మా అవ్వ గురించి ఇరవై ఏడేళ్ళప్పుడు ఒకసారి, నలభై దాటాక ఒకసారి రాశాను. మొదటిదాంట్లో ఆమె దేవత, వంక పెట్టడానికి లేని మనిషి. రెండోసారి రాసేటప్పటికి నాకూ ఒక సంసారం నడిచింది, ఆ ఇంటి కోడలిగా అమ్మ వైపు నుంచి కూడా చూడగలిగాను. మొదటిది చింపేయలేదు, రెండిటి కిందా తేదీలు వేసి ఒకే ఫైల్లో పెట్టుకున్నా. అవ్వ చక్కెర డబ్బాకి తాళం వేసేదన్న సంగతి మొదటిదాంట్లో ఎక్కడా లేదు. రెండోది చదివి వినిపించినప్పుడు, ఆ తాళంచెవి ఎక్కడుండేదో తనకి మొదటినుంచీ తెలుసని అమ్మ చెప్పింది.